కాశయ్య పన్నెండు పాఠాలు

మార్కాపురం పలకల షెడ్లలో కాశయ్య చెవి గురించి చెప్పుకునే మాటల్లో సగం అబద్ధం. మిగతా సగం అంతకంటే పెద్ద అబద్ధం. రాతిని వేలి కణుపుతో ఒక్కసారి తట్టి అందులో ఎన్ని పొరలున్నాయో, ఏ పొరలో సన్నని పగులుందో చెప్పేస్తాడని కొందరంటారు. ఆ రాతిని గనిలోంచి తీసినవాడు ఆ పొద్దు సద్దన్నం తిని వచ్చాడో, పెళ్లాంతో పోట్లాడి తినకుండా వచ్చాడో కూడా చెబుతాడని ఇంకొందరంటారు. ఒకసారి అతను చీల్చిన పలక మరీ పలచనై గాలికి లేచిపోయి, తర్లుపాడులో ఎవరో ఆరేసుకున్న చీరల మధ్య దొరికిందని అతని జట్టులోని యోబు ప్రమాణం చేసి చెబుతాడు. యోబు చేసిన ప్రమాణాలకు లెక్క పెట్టడం వాళ్ల పాస్టరుగారే ఎప్పుడో మానుకున్నారు.

నిజమేమిటంటే, కాశయ్యకు యాభై నాలుగేళ్లు. అందులో నలభై ఏళ్లు రాతి ముందర గొంతుక్కూర్చునే గడిచాయి. మూడో తరగతితో బడి మానేసి, పద్నాలుగో ఏట తండ్రి పక్కన కూర్చున్నాడు. అప్పట్లో ఈ షెడ్లనుంచి బడిపిల్లల పలకలు లారీలకు లారీలు పోయేవి. నోటుపుస్తకాలు వచ్చి పలకల పీక నులిమాక, అదే రాయి గోడలకూ నేలకూ ఇంటికప్పులకూ అలంకారమై ఓడలెక్కడం మొదలుపెట్టింది. పిల్లలు మానుకున్న రాతిని దొరలు కప్పుకుంటున్నారని కాశయ్య నవ్వేవాడు. నవ్వు చివర దగ్గు వచ్చేది.

ఆ దగ్గుకు రెండేళ్లు. షెడ్డులో అందరికీ దగ్గే కాబట్టి ఎవరూ దాన్ని రోగం అనుకోలేదు. గిద్దలూరు వాళ్ల మాటకొక యాస, యర్రగొండపాలెం వాళ్ల మాటకొక యాస ఉన్నట్టు, పలకలవాళ్ల మాటకు దగ్గు ఒక యాస అనుకున్నారు.

కాశయ్య జట్టులో ముగ్గురు. యోబు రాయి మోసుకొచ్చి పెడతాడు, కాశయ్య ఉలితో పొరలు విడదీస్తాడు, లాల్బీ అంచులు కోసి పేరుస్తుంది. లాల్బీ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆమె నోరు కటింగ్ మిషను కంటే పదునని, మిషనుకైనా మధ్యాహ్నం అన్నానికి ఆపుతారని యోబు అంటాడు. ముగ్గురిలో ఎవరికి జ్వరమొచ్చినా మిగతా ఇద్దరూ ఆ పనీ చేసేస్తారు. రోజు చివర ఎన్ని పలకలు లెక్కకొచ్చినా, ఎవరి చేయి పడినా, పని పుస్తకంలో ఎక్కేది ఒక్క పేరే: కాశయ్య. ప్రతి జట్టుకూ అంతే. జట్టుకు పెద్దగా ఉన్నవాడి పేరే అందరి పేరు. నాయనల కాలంనుంచి వస్తున్న పద్ధతి అది.

ఈ పద్ధతే కాశయ్య కొంప ముంచింది.

ఆ ఏడు జూలై మొదటి సోమవారం మేనేజరు సంజీవరావు అందరినీ రాళ్లకుప్ప దగ్గర నిలబెట్టి కబురు చెప్పాడు.

"మన సరుకు కొనే బయటి దేశపోళ్లు కొత్త షరతు పెట్టినారు. ఇకమీదట ప్రతి వర్కరూ ఆన్‌లైన్ ట్రైనింగ్ చేయాల. పన్నెండు పాఠాలు. ఫోన్లోనే వస్తాయి. ఒక్కో పాఠం అయినాక పది ప్రశ్నలు, పదికి ఎనిమిది రావాల. అన్నీ అయితే సర్టిఫికెట్టు. ఒకటో తారీఖు నుంచి సర్టిఫికెట్టు లేనోళ్లకు గేటు తెరుచుకోదు."

"మేమెవరమో గేటుకు తెలుసు సార్," అంది లాల్బీ. "ఇరవై ఏండ్లుగా చూస్తాండాది."

"పాత గేటుకు తెలుసులేమ్మా. కొత్త గేటు పెడ్తాండారు. దానికి కార్డు చూపిస్తే తప్ప సొంత తల్లినైనా గుర్తుపట్టదు."

ట్రైనింగ్ చూసుకోవడానికి గిద్దలూరు నుంచి యామిని అనే అమ్మాయిని పెట్టుకున్నారు. డిగ్రీ చదివిన పిల్ల. ఆమె షెడ్డు షెడ్డుకూ తిరిగి మనిషికొక చీటీ ఇచ్చింది. చీటీ మీద పేరు, ఒక నంబరు. ఆ నంబరు ఫోన్లో కొడితే పాఠాలు తెరుచుకుంటాయి. కాశయ్య జట్టుకు మూడు చీటీలు వచ్చాయి.

"మనకు మూడు ఎందుకబ్బా?" అన్నాడు యోబు.

"ఒకటి పోతే ఇంకోటి ఉండాలని," అంది లాల్బీ. మిగతా రెండు చీటీలనూ మడిచి వక్కల సంచిలో భద్రంగా దాచింది. కాశయ్య పేరున్న చీటీ పైన ఉంచింది. ప్రతి వర్కరూ అని మేనేజరు చెప్పిన మాట ముగ్గురూ విన్నారు. విని, ప్రతి జట్టూ అని అర్థం చేసుకున్నారు. ఆ షెడ్డులో నలభై ఏళ్లుగా ఆ మాటకు అదే అర్థం.

మొదటి పాఠం కాశయ్యే చూస్తానన్నాడు. యోబు ఫోను ఒకటే వాళ్ల జట్టులో పాఠాలు పలికే ఫోను. అందులో పసుపు టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన అద్దంలా మెరిసే గోడౌనులో నడుస్తూ ఉంటాడు. అతని నోరు ఒకటి అంటుంది, తెలుగు గొంతు ఇంకొకటి అంటుంది. ఆ తెలుగు ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. మిషను తర్జుమా చేసిన తెలుగట. 'అపాయముల నియంత్రణా సోపానము' అంటుంది. కాశయ్య సోపానమంటే శ్రీశైలం మెట్లనుకుని చాలాసేపు ఆ మెట్ల కోసం ఎదురుచూశాడు. చివరికి ప్రశ్న వచ్చింది. పనిస్థలమున ఎత్తైన చోట ఉన్న వస్తువును అందుకొనవలసి వచ్చిన ఎడల ఏమి చేయవలెను? లాల్బీ చదివి వినిపించింది. కాశయ్య తడుముకోకుండా, "యోబును పిలవాల," అన్నాడు. ఆ జవాబు అక్కడ లేదు.

మూడుసార్లు తప్పాడు. మూడోసారి తప్పాక ఒకరోజంతా పాఠం తలుపు వేసుకుంది.

"అన్నా, నేనుండగా నీకు రాయి మోసే పని చెబితే చేస్తావా? నువ్వుండగా నాకు చీల్చే పని చెబితే చేస్తానా?" అన్నాడు యోబు. "ఎవురి పని వాళ్లది. పాఠాలూ అట్లే పంచుకుందాం."

ఆ మాటలో తప్పు పట్టడానికి ముగ్గురికీ ఏమీ కనబడలేదు. బరువులెత్తడం, మిషన్లు, కరెంటు యోబు తీసుకున్నాడు. చదవాల్సినవన్నీ లాల్బీ తీసుకుంది. రాతి గురించి ఉన్నవి కాశయ్యకు వదిలారు. ఫోను ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరిగింది. తొమ్మిది రోజుల్లో పన్నెండు పాఠాలూ అయిపోయాయి. కాశయ్య పేరు మీద రంగురంగుల సర్టిఫికెట్టు వచ్చింది. బస్టాండు దగ్గర బజ్జీలు తిన్నారు. మన జట్టుకు ఫస్టు క్లాసు వచ్చిందని లాల్బీ బండివాడికి కూడా చెప్పింది.

సోమవారం పొద్దున యామిని ముగ్గురినీ ఆఫీసు గదికి పిలిచింది. సంజీవరావు కుర్చీలో లేడు, నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడి ఉన్నాడంటే అది మంచి శకునం కాదు.

పాఠం నడిచేటప్పుడు ఆ యాప్ అయిదు నిమిషాలకొకసారి ఎదుటి మనిషి ఫొటో తీసుకుంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. యామిని కంప్యూటరు వాళ్లవైపు తిప్పింది. కాశయ్య పేరు కింద వరసగా ముఖాలు. ఒకచోట కాశయ్య. అయిదుచోట్ల తలమీద కొంగు కప్పుకుని గుడ్లురుముతున్న లాల్బీ. రెండుచోట్ల నోరు తెరిచి నిద్రపోతున్న యోబు. ఒకచోట మనిషే లేడు, యోబు ఇంటి గుంజకు కట్టేసిన మేక నేరుగా కెమెరాలోకి చూస్తోంది. ఆ లెక్కన ఏడో పాఠంలో మేకకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

యోబు నవ్వబోయాడు. సంజీవరావు ముఖం చూసి మింగేశాడు.

"ఒకరి పేరుతో ఇంకొకరు పరీక్ష రాస్తే దాన్ని ఏమంటారు కాశయ్యా?"

"మాకు తెలిసి రాసింది గాదు సార్. జట్టు పని అనుకున్యాం."

"కంప్యూటరు మోసం అనుకుంది. హైదరాబాదులో ఉండే ట్రైనింగ్ కంపెనీ నీ నంబరును మూసేసింది. తొంభై దినాలు నువ్వు పాఠం తెరవలేవు."

లాల్బీ వక్కల సంచిలోంచి రెండు చీటీలూ తీసి బల్లమీద పెట్టింది. "ఇయ్యి ఉన్నాయి గదా సార్. ఇందులోకి మార్చండి."

"అవి మీ ఇద్దరివమ్మా!" అన్నాడు సంజీవరావు. "మీకింకా పదహైదు దినాలుంది. ఎవరిది వాళ్లు చేసుకోండి. కాశయ్యకే లేదు. మూడు నెలలు ఇంట్లో కూర్చోవాల."

"మూడు నెల్ల తర్వాత రానిస్తారా?" అని అడిగాడు కాశయ్య.

సంజీవరావు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఓడకు సరుకు పోవాల కాశయ్యా. నీ సీటు ఖాళీగా పెట్టుకోలేను. కంభం వైపు నుంచి వేరే జట్టును మాట్లాడతా."

వేరే జట్టు అంటే చీల్చేవాడు ఒక్కడే రాడు. తన మోసేవాణ్ణీ తన కోసేదాన్నీ వెంటబెట్టుకుని వస్తాడు. లాల్బీ, యోబు తమ పాఠాలు తాము చేసుకున్నా, గేటు లోపలికి వచ్చి ఏ రాతి ముందర కూర్చోవాలో తెలియని స్థితి. ముగ్గురూ గదిలోంచి బయటికి వచ్చారు. లాల్బీ మౌనంగా ఉండటం ఆ షెడ్డు చరిత్రలో అదే మొదలు.

మరునాటినుంచి కాశయ్య పని అయ్యాక రోజూ యామిని గది గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. నిలబడేవాడు, అంతే. యామిని హైదరాబాదుకు మెయిలు పెట్టింది. మీ విన్నపము మాకు ఎంతో ముఖ్యము అని జవాబు వచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే ముఖ్యమని వచ్చింది. మూడోసారి కూడా ఆ ముఖ్యత ఏమాత్రం తగ్గలేదు.

"మామా, అక్కడ మనిషనేవాడు లేడు. కంప్యూటరే జవాబిస్తాంది," అంది యామిని.

"కంప్యూటరుకు పెద్దమనిషి ఎవరో ఉంటాడు గదమ్మా. ఆయనకు చెప్పు. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. ఆ పెట్టెలోంచి కాళ్లు కనబడవు గానీ."

ఆ అమ్మాయి నవ్వి, నవ్వినందుకు బాధపడి, ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆరో రోజుకు ఒక మనిషి దొరికాడు. విజయ్ కుమార్ అట. చదువు తక్కువైనవాళ్లకు నోటితో పరీక్ష పెట్టే వీలు ఒకటి ఉందని ఆయన ఒప్పుకున్నాడు. వీడియోలో, యామిని పక్కన ఉండగా, పన్నెండు పాఠాలనుంచి పది ప్రశ్నలు. ఒకే ఒక్కసారి. తేదీ ఇరవై ఎనిమిది, పొద్దున పదకొండు గంటలకు.

అప్పటికి ఆరు రోజులుంది.

మూడో తరగతి అక్షరాలు ఎప్పుడో మరిచిపోయిన మనిషి పన్నెండు పాఠాలు ఎలా నేర్చుకోవాలి? కాశయ్య పడుచుతనంలో చెక్కభజన జట్టులో ఉండేవాడు. అక్షరం చూడకుండా రాత్రంతా సరిపడా పాటలు నోటికొచ్చేవి. మధ్యాహ్నం అన్నాలప్పుడు లాల్బీ పాఠం చదివేది. కాశయ్య కళ్లు మూసుకుని పాదంతో తాళం వేస్తూ వినేవాడు. మిషను తెలుగుకు వరస కట్టాడు.

"అపాయమును గుర్తించుమూ, తకధిమి, అధికారికి తెలుపుమూ!"

"అన్నా, తకధిమి పుస్తకంలో లేదు."

"నువ్వు చదువు తల్లీ. తకధిమి లేకుంటే నాకు ఎక్కదు."

ఇంట్లో కూడా అదే గొడవ. పొయ్యి దగ్గర కూర్చున్న భార్య నర్సమ్మ, "దేవుని పేరు చెప్పుకునే వయసులో అగ్నిమాపకమూ అగ్నిమాపకమూ అనుకుంటా తిరుగుతాండావు. ఏ దేవుడబ్బా ఈయన, కొత్తగా వచ్చినాడా?" అనేది. కాశయ్య నిద్రలో కూడా ఒక పాఠం అప్పజెప్పేవాడని, ఇంటి ముందరి కుక్క రెండో పాఠం దాకా నేర్చుకుందని యోబు ప్రచారం చేశాడు.

నాలుగో రోజు లాల్బీ తొమ్మిదో పాఠం తెరిచింది. మొదటిసారి ఆ పాఠం యోబు నిద్రలోనే గడిచిపోయింది. ఇప్పుడు గడగడా చదువుతూ పోయి, ఒకచోట ఆగింది.

"ఏంది, ఆపినావ్?"

"ఏం లేదు. పదో పాఠానికి పోదాం."

"చదువు లాలమ్మా."

ఆమె గొంతు తగ్గించి చదివింది. "రాతి ధూళిలో పనిచేయువారికి ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడును. ఈ నష్టము తిరిగి బాగుపడదు. మూడు వారములకు మించి దగ్గు గల కార్మికుని ధూళి పనినుండి తప్పించి, వైద్య పరీక్షకు పంపవలెను."

యోబు ముద్ద చేతిలోనే ఉంది. కాశయ్య పాదం తాళం ఆపేసింది.

"బాగుపడదు అంటే?"

"అరె, మిషను తెలుగు భాయ్. దానికేం తెలుసు. అంతా తప్పులతడకే."

"నిన్నటి దాకా చదివిన ఎనిమిది పాఠాల్లో ఒక్క తప్పూ లేదంటివే."

లాల్బీ ఫోను బోర్లించి పెట్టింది. కాశయ్యకు తండ్రి గుర్తొచ్చాడు. యాభై రెండేళ్లకు మంచంలో ఆనుకుని కూర్చునే పోయాడు, పడుకుంటే ఊపిరి ఆడదని. ఉబ్బసం అన్నారు. తండ్రి పక్కన కూర్చున్న ఇద్దరు మేస్త్రీలు కూడా అట్లే పోయారు. వాళ్లదీ ఉబ్బసమే అన్నారు. అందరికీ ఒకే ఉబ్బసం ఎట్ల వచ్చిందని నలభై ఏళ్లలో తనకు ఒక్కసారీ తోచలేదు. చెవి ఉన్నది రాతి మాట వినడానికే అనుకున్నాడు.

"అన్నా, విను," అంది లాల్బీ చివరికి. "పదికి ఎనిమిది చాలు. ఈ ప్రశ్న వస్తే తెలీదను. దీని జవాబు నోట్లోంచి వస్తే, మరి నీకు దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందని అడుగుతారు. ఆస్పత్రికి పంపుతారు. ఆ రోడ్డు పక్క షెడ్డులో మల్లయ్యను పంపినారు గదా పోయినేడు. రిపోర్టు కాయితం వచ్చింది, మల్లయ్య మళ్లా పనికి రాలేదు."

"ఆస్పత్రికి పోతే మందులన్నా ఇస్తారు గదా," అన్నాడు యోబు మెల్లగా.

"మందులు తిని బతుకుతారా యోబూ? దాని ముందర అన్నం తినాల గదా," అంది లాల్బీ.

కాశయ్యకు తర్లుపాడు దారిలో రాళ్లూ ఇసుకా కలిసిన రెండెకరాల గరప నేల ఉంది. వాన పడిన ఏడు కంది వేస్తాడు. పడని ఏడు దాని ముఖం చూడడు. ఈ మధ్య అన్నీ ముఖం చూడని ఏళ్లే. రాయి తప్ప వేరే పని అతనికి రాదు. ఆ వయసులో నేర్పేవాడూ లేడు. రాతి ముందర కూర్చుంటే ఊపిరి పోతుంది, లేస్తే కూడు పోతుంది. ఆ రోజు సాయంత్రం అతను తొమ్మిదో పాఠానికి వరస కట్టలేదు. అయినా అది దానంతటదే నోటికి పట్టేసింది. మిగతా పాఠాలకు తాళం కావలసి వచ్చింది, దీనికి అక్కర్లేకపోయింది.

ఇరవై ఎనిమిదో తారీఖు కాశయ్య ఉతికిన పంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఆఫీసు గదిలో కూర్చున్నాడు. పక్క షెడ్డులో మిషన్లు మోత పెడుతున్నాయి.

"ఈ మోతకు ఆయనకు నా మాట వినబడుతుందా అమ్మా?"

"వినబడుతుంది మామా. మనిషి మాట తప్ప మిగతా చప్పుళ్లన్నీ కంప్యూటరు జల్లెడ పట్టేస్తుంది," అంది యామిని.

విజయ్ కుమార్ తెర మీదికి వచ్చాడు. చెవులకు డిప్పలు పెట్టుకున్న కుర్రాయన. మర్యాదగానే మాట్లాడాడు. మొదటి ప్రశ్న నాలుగో పాఠంలోది. కాశయ్య బల్లకింద పాదం ఆడించి, నాలుగో పాఠం మొదటినుంచి అందుకున్నాడు.

"కాశయ్యగారూ, జవాబు ఒక్కటే చెప్పండి చాలు."

"జవాబు వరసలో ఉంది సార్. నడుమ నుంచి పిలిస్తే రాదు."

ఆయన నవ్వి, కానివ్వమన్నాడు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పాఠం తలనుంచి తోక దాకా సాగింది. బరువులెత్తే పాఠం సరిపోయింది. కరెంటు పాఠం సరిపోయింది. మూడో ప్రశ్న, నిప్పు ఆర్పే డబ్బాల రంగుల గురించి. రంగులకు తాళం కుదరక ఆ పాఠం ఎప్పుడూ సరిగా రాలేదు, తప్పాడు. ఆరోది, ఫిర్యాదు ఏ మెయిలుకు పంపాలని. ఆ ఇంగ్లీషు అక్షరాల వరస నాలుక మీద విరిగిపోయింది. యామిని చీటీ మీద గీతలు గీస్తోంది. తొమ్మిది ప్రశ్నలు అయ్యేసరికి ఏడు గీతలు. ఇంకొక్కటి కావాలి. ఒక్కటే మిగిలింది.

"ఆఖరి ప్రశ్న. రాతి దుమ్ములో పనిచేసే మనిషికి చాలా రోజులుగా దగ్గు ఉంటే ఏం చేయాలి?"

యామిని తలెత్తి కాశయ్యను చూసింది. గుమ్మం బయట అతను నిలబడిన ఆ సాయంత్రాలన్నీ ఆమె ఆ దగ్గు విన్నదే.

తెలియదంటే ఏడు దగ్గరే ఆగిపోతుంది. గేటు మూసుకుంటుంది. తెలుసంటే ఏమవుతుందో లాల్బీ చెప్పింది. లాల్బీ లెక్కలో రెండు తప్పులకు చోటుంది, మూడో దానికి లేదు. రంగుల డబ్బాలూ మెయిలూ ఆ చోటును మింగేశాయి.

కాశయ్య నోరు తెరిచాడు.

"తొమ్మిదో పాఠం సార్. రాతి ధూళిలో పనిచేయువారికి ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడును. ఈ నష్టము తిరిగి బాగుపడదు. మూడు వారములకు..."

అక్కడ అందుకుంది దగ్గు. మామూలుది కాదు. వంగిపోయాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నుదుటి విభూతి చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. ఆ దగ్గు పొదిలి దాకా వినబడి ఉంటుంది. హైదరాబాదుకు మాత్రం వినబడలేదు.

"హలో? హలో? మాట ఆగిపోయిందండీ," అంటున్నాడు విజయ్ కుమార్ తెరమీద. "కాశయ్యగారూ, కింద ఏమన్నా వెతుక్కుంటున్నారా?"

మిషన్ల మోతతో పాటు దగ్గును కూడా కంప్యూటరు జల్లెడ పట్టేసిందని యామినికి ముందు అర్థమయింది. ఆమె నోరు తెరవబోయింది. కాశయ్య చెయ్యెత్తి ఆపాడు. తల పైకెత్తి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"నీళ్లసీసా పడిపోయింది సార్. మూడు వారములకు మించి దగ్గు గల కార్మికుని ధూళి పనినుండి తప్పించి, వైద్య పరీక్షకు పంపవలెను."

"ఎక్సలెంట్! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పదికి ఎనిమిది. కంగ్రాచ్యులేషన్స్ అండీ. మీలాంటి పెద్దవాళ్లు ఇంత శ్రద్ధగా నేర్చుకోవడం మాకు చాలా సంతోషం."

తెర ఆరిపోయింది. యామిని నీళ్లు ఇచ్చింది. కాశయ్య తాగాడు. సగం పంచె మీద పడ్డాయి.

"అయిపోయిందా అమ్మా?"

"ఇంకొకటుంది మామా. ఈ ఫారం నేను నింపి పంపాల." ఆమె చదివింది. "పరీక్ష సమయమున అభ్యర్థికి దగ్గు గానీ ఆయాసము గానీ గమనించితిరా? ఉంది, లేదు."

"ఉంది అంటే?"

"ఆస్పత్రికి పంపిస్తారు. రిపోర్టు వచ్చేదాకా లోపలికి రానీరు."

"వచ్చినాక?"

యామిని తెరవైపు తిరిగింది.

"దుమ్ము లేని పని ఏదన్నా ఇస్తారా తల్లీ? గేటు కాడ గానీ, చెట్లకు నీళ్లు పోసే పని గానీ."

"నేను నిన్ననే అడిగినా మామా. లేదన్నారు. తప్పించాలని పాఠంలో ఉంది. తప్పించినాక ఏం చేయాల్నో పన్నెండు పాఠాల్లో ఎక్కడా లేదు. నేను అన్నీ వెతికినా."

ఆ పిల్లకు ఇరవై మూడేళ్లుంటాయి. నెలాఖరుకు నూటికి నూరుమందీ పాసైనట్టు చూపించకపోతే తన ఉద్యోగమూ ఉండదని ఆమె కాశయ్యకు చెప్పలేదు. అతనికి చెప్పకుండానే తెలుసు.

"మామా, లేదని నా చేత్తో పెట్టలేను," అంది. "ఉందని పెట్టే ధైర్యం కూడా లేదు."

"నీ చేత్తో ఎందుకమ్మా. నా దగ్గు, నేనే పెడతా. లేదనేది యాడుంది?"

"కుడిపక్కది."

ఆమె మౌసు అనే ఎలుకలాంటి మీటను అతని అరచేతి కిందికి జరిపింది, బాణం గుర్తును దాని చోట నిలిపింది. కాశయ్య చాలాసేపు చెయ్యి కదపలేదు. నలభై ఏళ్లలో రాతిని అతను ఎప్పుడూ అంతసేపు ఆలోచించి కొట్టింది లేదు. తర్వాత నొక్కాడు. సన్నని చప్పుడయింది. ఫారం మాయమై, ధన్యవాదములు అని వచ్చింది.

ఒకటో తారీఖు పొద్దున కొత్త గేటు ముందర వరస కట్టారు. కాశయ్య కార్డు చూపించగానే అది కిచ్‌మని తెరుచుకుంది. లాల్బీ, యోబు తమ పాఠాలు తాము ముగించి ముందే లోపలికి వచ్చారు; యోబు అప్పటికే రాయి తెచ్చి పెట్టాడు. లాల్బీ మిషను దగ్గరికి పోకుండా కాశయ్య పక్కన చతికిలబడింది.

"అన్నా, ఆ ప్రశ్న రాలేదా?"

"వచ్చింది."

"తెలీదన్నావు గదా?"

"తెలుసన్నా. అక్షరం పొల్లు పోకుండా చెప్పినా. శానా బాగా చెప్పినావని మెచ్చుకున్నాడు ఆయన."

లాల్బీ అతని ముఖంలోకి చూసింది. "అంత బాగా చెప్పినోన్ని, మళ్లా ఇక్కడికే ఎట్ల పంపినారు?"

కాశయ్య ఉలి అందుకున్నాడు. రాతి అంచున ఆనించాడు.

"సర్టిఫికెట్టు వచ్చింది గదా లాలమ్మా," అన్నాడు, సుత్తి ఎత్తుతూ. "లెయ్, లెయ్. ఓడకు సరుకు పోవాలంట."